సింహం కళ్లలో నీళ్లు

రాత్రి భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన చేసుకోవడం మా ఇంట్లో పిల్లల నాయనమ్మ నేర్పిన అలవాటు. ఆ నాయనమ్మే కాన్సరుతో మంచాన పడినప్పుడు మా చిన్నవాడికి తొమ్మిదేళ్లు. రోజూ అందరికంటే ముందే మోకరించి, "ప్రభువా, మా నాయనమ్మను బాగుచెయ్యి" అని అడిగేవాడు. వరికోతలు మొదలైన వారంలో ఆమె ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన అయి, చుట్టాలందరూ వెళ్లిపోయిన రాత్రి మేము చాప పరిస్తే వాడు రాలేదు. "అడిగినా ఇవ్వలేదుగా నాన్నా, ఇంకెందుకు?" అన్నాడు. మాకు తెలిసిన వాక్యాలన్నీ చెప్పాం. తల వంచుకొని విన్నాడే గాని మోకరించలేదు. బలవంతాన కూర్చోబెట్టడానికి మాకు మనసొప్పలేదు.

వేసవి సెలవులకు పట్నంలో చదువుకుంటున్న మా పెద్దమ్మాయి ఇంటికి వస్తూ రెండు ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చింది. రెండూ సి. ఎస్. లూయిస్ గారు రాసినవే. రెండూ మొదట 1955లో అచ్చయినవే. ఒకటి నార్నియా అనే మాయలోకం గురించి పిల్లల కోసం రాసిన కథ. రెండవది తన బాల్యాన్ని, తాను విశ్వాసానికి వచ్చిన దారిని చెప్పుకున్న పుస్తకం. రాత్రిపూట ఆరుబయట మంచాలు వేసుకున్నాక ఆమె వాటిని తెలుగులో చెబుతుంటే మేమంతా విన్నాం.

లూయిస్ గారు 1898లో ఐర్లాండులోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. ఇంటినిండా పుస్తకాలే. చిన్నప్పుడే ఆయన మనుషుల్లా బట్టలు తొడుక్కుని మాట్లాడే జంతువుల దేశాన్ని ఊహించి, అటకమీది గదిలో కూర్చుని కథలు అల్లేవారు. 1908లో తల్లికి కాన్సరు వచ్చింది. ఆమె బ్రతకాలని ఆ పిల్లవాడు ప్రార్థించాడు. ఆమె చనిపోయింది.

"ఆయనకప్పుడు ఎన్నేళ్లక్కా?" అని మా చిన్నవాడు లేచి కూర్చున్నాడు.

"తొమ్మిది."

ఆ తరువాత చదువుకునే రోజుల్లో లూయిస్ గారు విశ్వాసం వదిలేశారు. తల్లి మరణమే దానికి కారణమని ఆయన చెప్పలేదు. గ్రీకు, లాటిను నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడై 1918లో ఫ్రాన్సులో గాయపడ్డారు. 1925 నుండి ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యం బోధించారు. పాత కాలపు కథలంటే ఆయనకు ప్రాణం. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి టోల్కీన్, డైసన్ అనే మిత్రులిద్దరు ఆయనతో చాలాసేపు మాట్లాడారు. చనిపోయి తిరిగి లేచే దేవుని గురించి పాత కథల్లో నీవు ఇష్టపడి చదివినది క్రీస్తునందు నిజంగానే జరిగింది అన్నది వారి మాటల సారాంశం. కొద్ది రోజులకే ఆయన క్రీస్తును దేవుని కుమారునిగా నమ్మారు.

గాదెలో దాచిన విత్తనమే కదా చేలో మొలిచేది! 1939లో యుద్ధభయంతో లండను పిల్లలను పల్లెలకు పంపినప్పుడు కొందరు లూయిస్ గారి ఇంట్లో ఉన్నారు. 1950లో వచ్చిన మొదటి నార్నియా కథలో నలుగురు పిల్లలు అలాగే ఒక ముసలి ప్రొఫెసరుగారి ఇంటికి వస్తారు. మేక కాళ్ల వనదేవుడు రోమను పురాణాలలోనుండి వచ్చాడు. అస్లాన్ అనే సింహం పేరు తుర్కీ భాషలో సింహానికున్న పేరే. ఆ సింహం దోషికి బదులుగా చనిపోయి తిరిగి లేవడం మాత్రం ఎక్కడిదో మా అమ్మాయి చెప్పనక్కరలేకపోయింది.

1955 నాటి కథలో డిగొరీ అనే కుర్రవాడి తల్లి చావుబ్రతుకుల్లో ఉంటుంది. అమ్మను బాగుచేయమని వాడు అస్లాన్‌ను అడుగుతాడు. సింహం మాట ఇవ్వదు. వాడు తలెత్తి చూస్తే సింహం కళ్లలో పెద్ద పెద్ద కన్నీటి బొట్లు! తరువాత అస్లాన్ పంపితే దూరపు తోటలోనుండి ఒక ఆపిలు పండు తేవడానికి వెళతాడు. దాన్ని దొంగిలించి నేరుగా అమ్మకే ఇమ్మని మంత్రగత్తె శోధిస్తుంది. వాడు లొంగక, పండు తెచ్చి అస్లాన్‌కు అప్పగిస్తాడు. దానినుండి మొలిచిన చెట్టు పండునే అస్లాన్ వాడికి ఇస్తే, తల్లి బ్రతుకుతుంది.

"ఆయనకు దొరకనిది కథలో రాసుకున్నాడు, అంతేగా?" అన్నాడు చిన్నవాడు. మాకూ అలాగే అనిపించింది. అప్పుడు మా అమ్మాయి రెండవ పుస్తకంలోని మాట చెప్పింది. చిన్నప్పుడు తాను దేవుని దగ్గరకు మాంత్రికుని దగ్గరకు వెళ్లినట్టు వెళ్లానని, పని చేసిపెట్టి వెళ్లిపోతే చాలనుకున్నానని లూయిస్ గారు ఒప్పుకున్నారట. పండు అందరికీ దొరుకుతుందని కూడా ఆయన చెప్పలేదు. 1956లో ఆయన జాయ్ అనే ఆమెను పెండ్లి చేసుకున్నారు. ఆమెకు కాన్సరు. ప్రార్థన చేయించాక కొంతకాలం బాగుపడి, 1960లో ఆమె చనిపోయింది. ఆమె ఇద్దరు కుమారులు తల్లిలేనివారయ్యారు.

"మరి కథలో నిజమేముంది?" అని మేమే అడిగాం.

"పండు ఆఖరున వచ్చింది. కన్నీళ్లు ముందే వచ్చాయి కదా" అంది మా అమ్మాయి.

లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏడ్చిన సంగతి మాకు తెలియనిది కాదు. కాని ఆ చలికాలం రాత్రి చిన్నవాడికి మేము వాగ్దానాలన్నీ చెప్పాం, ఆ ఒక్క సంగతీ చెప్పలేదు. వాడి ముందు మేము ఏడవనూ లేదు.

మరి రెండు మూడు రోజులకు, చాప పరిచినప్పుడు వాడు పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు. వాడి వంతు వచ్చినప్పుడు ఏమీ అడగలేదు. "ప్రభువా, నాయనమ్మ పోయినప్పుడు నువ్వు కూడా ఏడ్చావా?" అన్నాడు.

ఆమేన్ అనడానికి మాకు కొంచెం సేపు పట్టింది.