పిక్క పట్టు

నెల్లూరులో ఫిజియోథెరపీ చేయబట్టి 18 ఏళ్లు. ఆదివారాలు మాత్రం నేనూ పరుగు పిచ్చోణ్ణే. తెల్లారకముందే బండేసుకుని మైపాడు పోయి, అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద పోను నాలుగు, రాను నాలుగు కిలోమీటర్లు. ఆ రోజు సముద్రం పోటు మీదుంది. గట్టి ఇసుకంతా నీళ్ల కిందికి పోయింది. వేగం తగ్గించకుండానే పైనున్న మెత్తటి ఇసుకలోకి ఎక్కాను. కాసేపటికి ఎవరో గురిచూసి రాయి విసిరినట్టు ఎడమ పిక్క మీద దెబ్బ. వెనక్కి తిరిగాను. ఎవరూ లేరు.

"ఎవరో కొట్టినట్టయింది సార్" అని నా దగ్గరికొచ్చేవాళ్లు చెబుతుంటే తలూపి చీటీలో రాసుకునేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తారని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

వల లాగుతున్నవాళ్లలో ఒక పెద్దాయన వచ్చాడు. "ఏంది సామీ, కుంటతా ఉండావు? ఆముదం కాచి గట్టిగా రుద్దించు, పొద్దుటికి పోద్ది."

వద్దన్నాను. కండ చిరిగిన మొదటి రోజుల్లో రుద్దితే లోపల రక్తం ఇంకా కారుతుంది. బోర్లా పడుకుని, పిక్క మధ్యలో ఒకసారి పిసకమన్నాను. "రుద్దొద్దంటావు, పిసకమంటావు!" అంటూనే పిసికాడు. పాదం కదిలింది. అంటే మడమ వెనక లావు నరం తెగలేదు. (అది నరం కాదు. కానీ 18 ఏళ్లుగా అందరూ నరమే అంటుంటే నేనూ సరిదిద్దడం మానేశాను.)

పిక్కలో పెద్ద కండలు రెండు. పైది మోకాలికి పైన మొదలవుతుంది, దాని కిందది మోకాలు దిగాక. కాలు చాచి మడమ ఎత్తితే ప్రాణం పోతోంది, మోకాలు వంచి ఎత్తితే ఓర్చుకోగలను. పైదే, లోపలివైపు. దీనికి టెన్నిస్ లెగ్ అని పేరు. నేను చూసినవాళ్లలో టెన్నిస్ ఆడినవాళ్లెవరూ లేరు, నలభై దాటినవాళ్లే అందరూ. మెత్తటి ఇసుకలో మడమ దిగబడిపోతుంది, దాన్ని లేపే పని పిక్కదే. ఇసుకలో పరుగెత్తడానికి గట్టి నేల కంటే 1.6 రెట్లు శక్తి కావాలని 1998లో బెల్జియం పరిశోధకులు కొలిచి చెప్పారు. ఆ లెక్క ఎందరికో అప్పజెప్పింది నేనే.

నాలుగో రోజు పిక్క ఉబ్బి వెచ్చబడితే డాప్లర్ స్కాన్ తీయించుకున్నాను. రక్తనాళంలో రక్తం గడ్డకట్టినా ఇట్లానే ఉంటుంది, అప్పుడు ఇంట్లో కూర్చుని ఐసు పెట్టుకుంటే కుదరదు. గడ్డ లేదన్నారు.

పదకొండో రోజుకి నొప్పి లేకుండా మెట్లెక్కాను. పన్నెండో రోజు పెన్నా కట్ట మీద పరుగు మొదలుపెట్టాను. నూరు అడుగులు పోయానో లేదో, అదే చోట అదే రాయి.

ఆ వారం రొయ్యల గుంటల్లో పనిచేసే ఒకతను నడుం నొప్పితో వచ్చాడు. నా నడక చూసి, "మీకే తగ్గలా, మాకేం తగ్గిస్తారు సార్" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

ఈసారి రోగిలాగే నడుచుకున్నాను. చెప్పులో మడమ కింద మెత్తటి అట్ట. ముందు కూర్చుని మడమలెత్తడం, తర్వాత గోడ పట్టుకుని రెండు కాళ్ల మీద, ఆఖరికి ఒంటికాలి మీద. ఐదో వారంలో నొప్పి సున్నా. కుడి కాలు 26 సార్లు లేచింది. ఎడమది తొమ్మిది దగ్గర గజగజ వణికింది. అంతకుముందు ఎవరికైనా నొప్పి తగ్గిందా అని అడిగి పరుగుకి పంపేవాణ్ణి. ఇప్పుడు గోడ దగ్గరికి తీసుకుపోయి, ఎన్నిసార్లు లేస్తారో నేనే లెక్కబెడుతున్నాను.

ఎడమది కూడా 24 అందుకున్నాక మళ్లీ మైపాడు వెళ్లాను, ఆటు సమయం చూసుకుని మరీ. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. ఆ జాలర్లు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వల లాగుతున్నారు.

"ఏంది సామీ, ఇంత దూరమొచ్చి నడస్తా ఉండావు?" కేకేశాడు పెద్దాయన.

చెయ్యూపి పరుగందుకున్నాను. గడియారం కూసింది. ఆగాను.