రాళ్లనూ తూచాల్సిన మట్టి

డెహ్రాడూన్‌లో 1906లో ఏర్పడిన అటవీ పరిశోధన సంస్థలో మట్టి పరీక్షలను చూడవచ్చిన వారి దృష్టి మొదట గాజు పరికరాల మీదికే పోతుంది గాని, అసలు పని నీడపట్టున ఆరబోసిన నమూనాల దగ్గర మొదలవుతుంది. వేడి తగిలితే మట్టిలోని నత్రజని రూపాలు మారిపోతాయి కనుక, గాలికే ఆరనిచ్చి, గడ్డలు చిదిపి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతారు. పొలం మట్టిలో జల్లెడపై మిగిలేది సాధారణంగా కొద్దే కాగా, అడవి మట్టిలో ఆ రాళ్లను, వేర్లను తూచి రాసుకోకపోతే తరువాతి లెక్కంతా తప్పుతుంది.

సేంద్రియ కర్బనాన్ని కొలిచే వాక్లీ, బ్లాక్‌ల పద్ధతి 1934 నాటిది. గ్రాము మట్టికి 10 మిల్లీలీటర్ల పొటాషియం డైక్రోమేట్ ద్రావణాన్ని, 20 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని కలిపి అరగంట ఉంచితే, అప్పుడు పుట్టే వేడికి కర్బనం ఆక్సీకరణం చెందుతుంది. మిగిలిపోయిన డైక్రోమేట్‌ను ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో చుక్కచుక్కగా కొలుస్తూ, ఊదా కలిసిన నీలిరంగు ఆకుపచ్చగా మారగానే ఆపుతారు. ఆకులు కుళ్లి ఏర్పడిన హ్యూమస్ దండిగా ఉన్న నమూనా డైక్రోమేట్‌నంతా ముందే హరిస్తుంది కాబట్టి అక్కడ గ్రాములో కొంత భాగమే తీసుకోవాలి. ఈ పద్ధతికి కర్బనంలో సుమారు 77 శాతమే చిక్కుతుందన్న అంచనాతో ఫలితాన్ని 1.3తో గుణించడం ఆనవాయితీ. కార్చిచ్చు మిగిల్చిన బొగ్గు ఈ ఆమ్లానికి సరిగా లొంగదు గనుక, కాలిన అడవుల విషయంలో ఆ గుణకాన్ని గుడ్డిగా నమ్మడం తగదు.

ఆమ్లక్షార గుణాన్ని ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీరు కలిపి చూడటం సులువైన పని. స్థూల సాంద్రత, అంటే నేలలో ఉన్నది ఉన్నట్టుగా ఒక ఘన సెంటీమీటరు మట్టి బరువు, అంత సులువుగా తేలదు. ఉక్కు గొట్టాన్ని నేలలోకి దించి తీసిన మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి తూచాలి. దారిలో వేరో రాయో అడ్డుపడితే మరో చోట మళ్లీ దించాలి. మట్టి సాంద్రత 1.2 గ్రాములు, కర్బనం 2 శాతం అనుకుంటే, 30 సెంటీమీటర్ల లోతు వరకు హెక్టారుకు 72 టన్నుల కర్బనం లెక్కకు వస్తుంది. అందులో నాలుగోవంతు చోటు రాళ్లదే అయితే నిజానికి ఉన్నది 54 టన్నులే. ప్రయోగశాలలో ఎంత నేర్పుగా కొలిచినా ఈ తేడాను సరిదిద్దలేరు గనుక, రాళ్ల పాలును నమూనా తీసిన చోటనే నమోదు చేయడం తప్పనిసరి. నేలపై రాలిన ఆకుల పొరను మట్టిలో కలవనీయక, కొలిచిన చట్రం మేరకు విడిగా సేకరించి, వేరే ఖాతాలో లెక్కిస్తారు.