జీటీఓ అమ్మకం, ఒక పాత రసీదు

మొత్తానికి కారు అమ్మేశాను. 1965 పాంటియాక్ జీటీఓ. 2009లో కొన్నప్పటినుంచీ గరాజ్‌లో సగం అదే తినేసింది కాబట్టి మా ఇంట్లో మాత్రం పండగే :)

ఈ కార్ల బేరంలో కారు కంటే కాయితాలదే పెత్తనం. మన దగ్గర స్థలం కొనేవాళ్ళు లింకు డాక్యుమెంట్లు, ఈసీ అడుగుతారు చూడండి, అచ్చం అలాగే. జీటీఓ విషయంలో దీనికి కారణం కూడా ఉంది. అప్పట్లో జనరల్ మోటార్స్‌లో మధ్య సైజు కార్లకి 330 క్యూబిక్ అంగుళాలు దాటిన ఇంజను పెట్టకూడదని రూలు. పాంటియాక్‌లో జాన్ డెలోరియన్ బృందం దానికో దొడ్డిదారి కనిపెట్టింది. కొత్త మోడల్‌కైతే పైవాళ్ళ అనుమతి కావాలి, ఆప్షన్‌కైతే అక్కర్లేదు. అంతే, 1964లో మామూలు లెమాన్స్‌కి 389 ఇంజను ఆప్షన్‌గా తగిలించి జీటీఓ అన్నారు (పేరు ఫెరారీ దగ్గర కొట్టేసిందే లెండి).

దాంతో వచ్చిన తంటా ఏంటంటే, 1964, 65 కార్ల విన్ నంబరు చూస్తే అది జీటీఓనో ఉత్త లెమాన్సో తెలియదు. 1966లో విడి మోడల్ అయ్యాకే 242తో మొదలయ్యే నంబర్లొచ్చాయి. బ్యాడ్జీలు అంటించి అమ్మేసేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? దీనికి మందు పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్. డబ్బు కడితే ఆ కారు ఫ్యాక్టరీ బిల్లింగ్ రికార్డు కాపీ పంపిస్తారు. పాంటియాక్ 2010లో మూతపడినా ఆ రికార్డులు మాత్రం బతికే ఉన్నాయి.

కొన్న కొత్తలోనే నేనూ తెప్పించాను. నిఖార్సైన జీటీఓ, నాలుగు గేర్లు, ట్రై-పవర్, అంటే మూడు కార్బురేటర్లతో 360 హార్స్‌పవర్. ఇక ఆగుతానా! కనపడ్డవాళ్ళందరికీ "ఇంజను కూడా ఒరిజినలే" అని చెప్పుకు తిరిగాను.

అమ్మిన పెద్దాయన అప్పుడు లావుపాటి ఫైలొకటి ఇచ్చి, "అన్నీ ఇందులో ఉన్నాయి, చదువుకో" అన్నాడు. చదవలేదు. రోజంతా ఇంకొకళ్ళు రాసిన కోడ్ చదివేవాడికి ఇంటికొచ్చి పెట్రోలు బిల్లులు చదివే ఓపిక ఎక్కడిది?

మొన్న అమ్మకానికి పెడుతూ ఒక్కో కాయితం స్కాన్ చేస్తుంటే 1971 నాటి రసీదు ఒకటి బయటపడింది. పెన్సిలు రాత, సగం చెరిగిపోయింది. పాత ఇంజను బద్దలైంది, జంక్‌యార్డ్ నుంచి ఇంకో 389 తెచ్చి బిగించారు. కింద రెండక్షరాలు: డబ్ల్యూ, టీ.

టార్చిలైటు పట్టుకుని గరాజ్‌లోకి పరిగెత్తాను. ఇంజను ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, జిడ్డు గోకితే కనపడింది. డబ్ల్యూటీ. అంటే ఒకే కార్బురేటర్ ఉండే 335 హార్స్‌పవర్ ఇంజను. నా కారుకి ఉండాల్సింది డబ్ల్యూఎస్. పైన మూడు కార్బురేటర్లూ తీసి దీనికి బిగించారన్నమాట. ఇన్నేళ్ళూ నేను చెప్పింది అబద్ధం! పెద్దాయన మాత్రం దాచలేదు. చదువుకోమనే చెప్పాడు.

ఫ్రెండ్‌కి ఫోన్ చేస్తే, "ఒరేయ్, ఆ ఒక్క చీటీ తీసెయ్, ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. చూడకపోవచ్చు కూడా. అక్షరాలు గీకేసి కొత్తవి కొట్టే మహానుభావులు కూడా ఉన్నారీ లోకంలో. పైగా ఈ డబ్బు మా అమ్మాయి కాలేజీ ఫీజుకి. నిజం చెప్పొద్దూ, ఆ రసీదు రెండు రోజులు నా డెస్కు సొరుగులోనే ఉంది. మూడో రోజు రాత్రి తీసి మళ్ళీ ఫైల్లో, 1971 బిల్లుల మధ్యనే పెట్టాను. కొనేవాడికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత, "శనివారం వస్తాను" అన్నాడు.

వచ్చాడు. ముందు కారు వంక కూడా చూడలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని గంటన్నర ఫైలు చదివాడు, మొదటి కాయితం నుంచి చివరిదాకా. మా ఆవిడ రెండుసార్లు కాఫీ ఇచ్చింది. అనుకున్న ధరలో ఏడువేల డాలర్లు తగ్గించాడు. నేను బేరమాడలేదు.

ట్రైలర్ ఎక్కించాక ఫైలు ప్యాసింజర్ సీట్లో పెట్టబోతే, వద్దని చేతిలోకి తీసుకుని తన బండిలో ముందు సీట్లో పెట్టుకున్నాడు.