వరిమళ్ళ వంటి మైదానాలు

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, బ్లెయిన్ పట్టణంలో 1990లో తెరిచిన పెద్ద క్రీడా ప్రాంగణం ఉంది. మన వరిమళ్ళలా పక్కపక్కనే 50కి పైగా మైదానాలు! మనం ఫుట్‌బాల్ అనే ఆటను వారు సాకర్ అంటారు. 1985లో ఆరంభమైన యు.ఎస్.ఏ. కప్ పోటీలకు జూలై మాసంలో అనేక దేశాల పిల్లలు ఇక్కడికి వస్తారు. గీత అవతల మడత కుర్చీల్లో తల్లిదండ్రులు కూర్చుంటారు.

ఆ దేశంలో బిడ్డ ‘ట్రావెల్ సాకర్’ జట్టుకు ఎంపికైతే ఇల్లంతా ప్రయాణం కట్టవలసిందే. క్లబ్బు రుసుము, పెట్రోలు, హోటలు గది అన్నీ తల్లిదండ్రుల ఖర్చే. శని, ఆదివారాలు పోటీలకే సరి. చెల్లెలి హోంవర్కు కారులోనే. ఆరాధన వేళకు కుటుంబం ఏదో ఊరి మైదానంలో ఉంటుంది. కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందని ఆశ, దక్కేది కొద్దిమందికే. డబ్బులేని ఇంటి బిడ్డకు ఎంత నేర్పున్నా చోటు దొరకడం కష్టం.

ఆట మంచిదే, స్నేహాన్ని, క్రమశిక్షణను నేర్పుతుంది. అయితే ఓడి కారెక్కిన బిడ్డను తండ్రి మొదట ఏమడగాలి? “ఎందుకు ఓడిపోయావు?” అనా, “ఆకలేస్తోందా నాన్నా?” అనా? ర్యాంకుల కోసం బిడ్డలను హాస్టళ్ళకు పంపే మనమూ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.