దాచినది దక్కునా?

మొన్న బడి సెలవులలో మేము మా వారితో హైదరాబాదు పోయి, చౌమహల్లా భవనమున నైజాము సింహాసనపు మోటారుకారును చూచితిమి. పసుపువన్నె రోల్స్‌రాయిస్; 1912 నాటిది. దానిని కోరి చేయించిన ఆరవ నైజాము మహబూబ్ అలీ ఖాన్ 1911లోనే గతించెను. కోరినవారు దాని నెక్కనేలేదు. తరువాతివారును మిక్కిలి అరుదుగా నడపిరి.

మా వారనిరి: "ఇట్టి అపురూపపు కారును సంపాదించుట ఒక యెత్తు, నిలుపుకొనుట ఒక యెత్తు. కదలక నిలిచినచో రబ్బరు బిరుసెక్కును, పెట్రోలు చెడును. అప్పుడప్పుడు నడపువారికే అది దక్కును."

ఆ మాట మా మనసున నాటినది. మనుమని ఉపనయనమునకు కట్టుకొనవలెనని మా అమ్మ మదనపల్లె పట్టుచీర కొని, ఆ ముహూర్తమునకు ముందే కన్నుమూసెను. పన్నెండేండ్లు దానిని కర్పూరముతో పెట్టెలో దాచితిమి. బి.కొత్తకోట చేరిన దినముననే మూత తెరచితిమి. మడతల వెంట చీర చీలియున్నది!

సోదరీమణులారా, దాచుటయే కాపాడుటయని యిన్నాళ్లు భ్రమించితిమి. మిగిలిన పట్టుతో మా అమ్మాయికి పరికిణీ కుట్టించితిమి. అది కట్టుకొని పిల్ల వాకిట తిరుగుచుండగా, అమ్మ కోరిక నేటికి కొంత తీరినదనిపించినది.