రెండేండ్ల చదువు

ఆషాఢమాసము వచ్చెననిన మా పెద్దాపురమున రెండు విధములైన సందడి. జ్యేష్ఠ అమావాస్యతో మొదలిడిన మరిడమ్మతల్లి జాతర నెలపైబడి సాగుచుండును. గరగలు, డప్పులు, సామర్లకోట వైపునుండి వచ్చి దిగు జనము. రెండవది ఇండ్లలోపలి సందడి. ఆ యేట పెండ్లియైన పిల్లలు ఆషాఢమునకు పుట్టినిండ్లు చేరుదురు. 2025లో మా అన్నగారి కొమార్తెయు అట్లే వచ్చినది. వచ్చిన మరునాటి సాయంకాలము, మేము వసారాలో కూర్చుండి మునగాకు దూయుచుండగా, చేత కాగితముల కట్టతో వచ్చి ప్రక్కన కూర్చుండెను. మొదట తానును రెండు రెమ్మలు దూసినది. పిమ్మట తల యెత్తకయే అడిగినది:

"అత్తయ్యా, రెండేళ్ళు చదివితే రెండేళ్ళ కాయితం చేతికొస్తుందన్నారు కదా. ఏదీ?"

అన్నమాట నిజమే. ఈ సంగతి చదువరులకు దాచక చెప్పవలసియున్నది. అమ్మాయి 2023లో బి.ఎస్‌సి. చదువునకు తన మేనమామగారి యింటనుండి పొరుగూరి కళాశాలలో చేరెను. రెండవ యేడు నడుచుచుండగా మంచి సంబంధము వచ్చినది. అబ్బాయికి హైదరాబాదున ఉద్యోగము. మా అన్నగారు మూడవ యేడు కూడ ముగియనిండని కొంత వెనుకాడిరి. ఆయనను ఒప్పించినది మేము. "నాలుగు సెమిస్టర్లు అయిపోవుచున్నవి గదా. రెండేండ్లకు రెండేండ్ల పట్టా యిత్తురట. చేతిలో అది యుండగా భయమేల?" అంటిమి. వైశాఖమున ముహూర్తము కుదిరినది. పరీక్షలు ముగిసిన పదునైదు దినములకు పెండ్లి. అప్పుడు అమ్మాయి మెల్లగా, "ఎండాకాలంలో ఇంకో కోర్సు చెయ్యాలట అత్తయ్యా," అన్నది. "మా ఇంటరుకు లేని వేసవి కోర్సు నీకెందుకే?" అని నవ్వితిమి. ఆ నవ్వు ఇప్పుడు తలచుకొన్న మాకే సిగ్గగుచున్నది.

మేము ఎరిగిన లెక్క ఇంటర్మీడియెటు లెక్క. అంతకుముందు ఒక యేటి పి.యు.సి. ఉండెడిది, 1969-70లో మన రాష్ట్రమున రెండేండ్ల ఇంటర్మీడియెటు ప్రవేశపెట్టిరి. పరీక్షలకు ప్రత్యేకముగ బోర్డు 1971లో ఏర్పడినది. మేము చదివినది ఆ తొలినాళ్ళలోనే. ఇంగ్లీషు, తెలుగు, మూడు ఐచ్ఛిక విషయములు. నూటికి 35 మార్కులు వచ్చిన గట్టెక్కినట్లు. రెండేండ్లు ముగిసెను, కాగితము వచ్చెను, మా నాయనగారు దానిని చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీసిరి. అందుచేత రెండేండ్లు అనగనే కాగితము అను భావము మా మనస్సున నాటుకొనిపోయినది.

మా నాయనమ్మ తరమున దీనికి ఇంకను గొప్ప. మద్రాసు విశ్వవిద్యాలయము 1857లో ఏర్పడిన పిమ్మట మెట్రిక్యులేషనుపై రెండేండ్ల మెట్టును ఎఫ్.ఏ. అనెడివారు. ఆ మెట్టువరకే చెప్పు కళాశాల రెండవ తరగతి కళాశాల. పిమ్మట ఎఫ్.ఏ. స్థానమున ఇంటర్మీడియెటు వచ్చెను. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడినను ఆ రెండేండ్ల మెట్టు నిలిచియే యుండెను. ఎఫ్.ఏ. ప్యాసైన వరుడనిన కట్నము లెక్కింపక పిల్లనిచ్చెడివారని నాయనమ్మ చెప్పుచుండెడిది. లెక్కింపక అనగా ఎక్కువ లెక్కించియే యని మా అమ్మ గొణిగెడిది. ఇక ఆడుపిల్ల మాట! కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాల 1884నుండియు ఉన్నది. ఇక్కడికి పట్టుమని పదునైదు మైళ్ళులేదు. అయినను మా యింటి ఆడువారికి అది కాశీ యంత దూరము. మా యూర వత్సవాయివారి మహారాణి బుచ్చి సీతాయమ్మగారి పేరిట కళాశాల వెలసిన పిమ్మటగదా, పై చదువు వీధి చివరి మాటయైనది.

సరే, అమ్మాయి తెచ్చిన కాగితముల మాట. విశ్వవిద్యాలయముల నిధుల సంఘమువారు 2022 డిసెంబరులో డిగ్రీ చదువులకు ఒక కొలత యేర్పరచిరి. ఇప్పుడు చదువు ఏండ్లతో కొలువరు, క్రెడిట్లతో కొలుతురు. వారమున కొక గంట చొప్పున పదునైదు వారములు పాఠము విన్న, అనగా 15 గంటలకు, ఒక క్రెడిటు. ప్రయోగశాలలోనైన ఒక క్రెడిటునకు 30 గంటలు. నిలువుకాళ్ళపై రెండు గంటలు పనిచేసిన ఒక గంట క్రింద జమ కట్టుదురన్నమాట. వంటయింటివారలకు ఈ లెక్క క్రొత్త కాదు.

మొదటి యేడు ముగిసి 40 క్రెడిట్లున్న సర్టిఫికెటు. రెండవ యేడు ముగిసి 80 ఉన్న డిప్లొమా. మూడేండ్లకు 120 ఉన్న డిగ్రీ. నాలుగేండ్లు చదివి 160 సంపాదించిన ఆనర్సు. ఇవి అన్నియు ఒక్క విషయముననే తెచ్చుకొన్న చాలదు. మూడేండ్ల 120లో ప్రధాన విషయమునకు 60, ఉపవిషయమునకు 24 పోగా, తన శాఖకు బయటి విషయములకు 9, భాషలకు 8, చేతిపనివంటి నైపుణ్యములకు 9 ఉండవలెను. తక్కినవి విలువల పాఠములకును వేసవి అనుభవమునకును. కందిపప్పు ఒక్కటే కుంచెడు తెచ్చి యిల్లు నిండినదనిన ఒప్పుదుమా? చింతపండును మిరపకాయలును ఉండవలె గదా. ఈ యేర్పాటు మాకు నచ్చినది. రసాయనశాస్త్రము చదువు పిల్ల కొంత లెక్కల పద్దు వ్రాయుటయు నేర్చునేని మంచిదే. ఆ విలువల పాఠములు మాత్రము పరీక్ష పెట్టి చెప్పవలసినవా యని మాకు సందేహము.

అమ్మాయి వ్రేలు పెట్టి చూపిన పంక్తి వేరు. రెండవ యేటితో వెడలదలచినవారు 80 క్రెడిట్లు సంపాదించుట యొక్కటే చాలదు; ఆ వేసవి సెలవులలో నాలుగు క్రెడిట్ల వృత్తిపాఠమొకటి చేసిననే డిప్లొమా. ఆ వేసవి సెలవులలో మేము చేయించినది పెండ్లి.

"అంతేకాదు," అని మరియొక కాగితము తీసినది. మూడవ సెమిస్టరులో భౌతిక రసాయనశాస్త్రము వ్రాతపరీక్ష తప్పియుండెను. ఆ పేపరునకు మూడు క్రెడిట్లు. ప్రయోగపరీక్ష నెగ్గినది గనుక దాని ఒక్క క్రెడిటు దానికి దక్కినది. మొత్తము 77. ఎవ్వరితోను ఏల చెప్పలేదంటిమి. "పెళ్ళిమాటలు జరుగుతుంటే ఫెయిలయ్యానని ఎలా చెప్పను?" అన్నది. మునగాకు గిన్నె ప్రక్కకు నెట్టితిమి. కొంతసేపు ఇరువురమును మాటలాడలేదు. వీధిలో జాతర డప్పు మ్రోగుచునే యున్నది.

ఆమెకు ఆ కాగితముతో అవసరమేమనిన, హైదరాబాదున భర్త పని చేయు చోటికి దగ్గరలోనే ఒక మందుల కర్మాగారమున్నదట. రసాయనశాస్త్రమున డిప్లొమా యున్నవారిని పరీక్షశాలలోనికి తీసికొందురు. ఇంటరువారికి సీసాలు పెట్టెల కెత్తు పని. "నేను రెండేళ్ళు చదివాను అత్తయ్యా. అడిగితే ఇంటరు అని చెప్పుకోవాలి," అన్నది. అది యేడ్చియున్న బాగుండెడిది. ఏడువలేదు.

ఆ రాత్రి అమెరికాలో టెక్సాసునందున్న మా చెల్లెలి కోడలికి ఫోను చేసితిమి. ఆమె అక్కడ మూడేండ్ల క్రితము కమ్యూనిటీ కళాశాలలో రెండేండ్ల డిగ్రీ తెచ్చుకొన్నది. ఆ దేశమున ఇట్టి కళాశాలలు నూరేండ్లకు పైబడియున్నవి; షికాగో దగ్గర జోలియెట్టులో 1901లో మొదటిది పెట్టిరి. రెండేండ్ల చదువునకు అక్కడ అసోసియేటు డిగ్రీ యని పేరు. మనకు డిప్లొమా, వారికి డిగ్రీయే. ఆమె చెప్పిన లెక్క ఇది: సెమిస్టరునకు పదునైదు చొప్పున నాలుగు సెమిస్టర్లకు 60 క్రెడిట్లు. అందు 42 అందరును చదువవలసిన సామాన్యవిషయములు: ఇంగ్లీషు రచన, గణితము, శాస్త్రములు, కళలు, అమెరికా చరిత్రకు ఆరు, ప్రభుత్వవిధానమునకు ఆరు. "టెక్సాసు రాజ్యాంగం కూడా చదివానండి పెద్దత్తయ్యగారూ, మన రాజ్యాంగం ఎన్నడూ తెరవనిదాన్ని," అని నవ్వినది. కనీసము నాలుగవవంతు క్రెడిట్లు పట్టా యిచ్చు కళాశాలలోనే సంపాదింపవలెనట; సగటు సి తరగతికి తగ్గరాదట.

ఆమెయు ఒక సెమిస్టరు కాన్పునకు మానివేసినది. "ఏమీ పోలేదండీ. తరువాత వచ్చి మిగిలినవి చదివాను. సంపాదించినవి ఎక్కడికీ పోవు," అనెను. ఈ చివరి మాట మా చెవిని పడినది. మన దేశమున నట్టిది లేదా యని మరునాడు అమ్మాయి చేతనే వెదకించితిమి. ఉన్నది! 2021లో విద్యార్థుల క్రెడిట్లకు బ్యాంకు పెట్టిరి. ధనము కాదు, క్రెడిట్లే జమ. ఖాతా విద్యార్థి పేరిటనే యుండును. జమయైనవి ఏడేండ్లవరకు చెల్లును. మధ్యలో డిప్లొమాతో వెడలినవారు మూడేండ్లలోపల మరల చేరి, మొత్తము ఏడేండ్లు మించకుండ డిగ్రీ ముగించుకొనవచ్చును. మా వదినగారు ఇది విని, "అత్తవారు తూకం వెయ్యలేని బంగారం," అనిరి. వదినగారు సామాన్యముగ మాటలాడరు.

కళాశాలకు అమ్మాయితో మేమే వెళ్ళితిమి. చేసిన తప్పు మాది గనుక అన్నగారిని పంపుటకు మనసొప్పలేదు. అక్కడి గుమాస్తాగారు ఓర్పుతో విని, తప్పిన పేపరునకు మరల తరగతులకు రానక్కరలేదనియు, శీతకాలపు పరీక్షలలో రుసుము కట్టి వ్రాయవచ్చుననియు, వేసవి పాఠమునకు మరుసటి సంవత్సరపు పిల్లలతో కూర్చుండనిత్తురనియు చెప్పిరి. ఇట్టివి ఆయా విశ్వవిద్యాలయముల యేర్పాట్లనుబట్టి మారుచుండును గాన, చదువరులు తమ పిల్లల కళాశాలలో స్వయముగ అడిగి తెలిసికొనవలెను. మావలె ఊహించుకొనరాదు.

మిగిలినది వియ్యపురాలితో మాట. శ్రావణమున అమ్మాయిని దిగబెట్టుటకు హైదరాబాదు వెళ్ళినప్పుడు ఈ సంగతి యెత్తుటకు మాకు నాలుక తడబడినది. పరీక్ష తప్పినదన్న మాట చెప్పక తీరదు. ఆమె యెనిమిదవ తరగతితో బడి మానినదట. మొదట ఆమె మొగము చిన్నబోయినది. "పెళ్ళికి ముందు చెప్పలేదేమండీ?" అనెను. "మాకును తెలియదమ్మా, తెలిసికొనకయే తొందరపెట్టినది మేము," అంటిమి. ఆమె లోపలికి వెళ్ళి చాలసేపు రాలేదు. కాఫీ తెచ్చి యిచ్చినప్పుడు, "ఎన్ని మార్కులకు పోయిందమ్మా?" అని కోడలిని అడిగెను. "నాలుగు," అన్నది. "నాలుగేనా?" అన్నది ఆమె. ఆ తరువాత ఆ మాట మరల రాలేదు.

కార్తీకమున అమ్మాయి పరీక్షకు వచ్చినది. సామర్లకోట స్టేషనులో రైలు దిగినప్పుడు ప్రక్కన అత్తగారు, చేత టిఫిను డబ్బా. పరీక్షనాడు ఆమెయు మా వెంట కళాశాలకు వచ్చి, మూడు గంటలసేపు గేటువద్ద వేపచెట్టుక్రింద కూర్చుండెను. లోపలికి పోవునప్పుడు కోడలితో ఏమియు ననలేదు. వెలుపలికి వచ్చిన పిమ్మట, "అన్నం తిందాం రా," అనెను.

ఫలితము వచ్చునప్పటికి అమ్మాయి హైదరాబాదుననే యున్నది. ఫోనులో మూడు క్రెడిట్లు జమయైనట్లు చూపి పంపినది. 80. ఇక వేసవి నాలుగు మిగిలియున్నవి. అవి ముగిసిన పిమ్మట మూడవ యేటిమాట చూతమని భర్త అన్నాడట.

ఆ వేసవిలోనే మా అన్నగారి కుమారుని వివాహము జరుగవలసియున్నది. మొన్న ముహూర్తము చూచుటకు సిద్ధాంతిగారు వచ్చి పంచాంగము విప్పిరి. మా అన్నగారు లేచి లోపలికి వెళ్ళి, కళాశాలవారిచ్చిన కోర్సు తేదీల కాగితము తెచ్చి పంచాంగము ప్రక్కన పెట్టిరి.