నిలిచే మందు



పోయిన శనివారం సాయంత్రం మన సంఘపు తమ్ముడొకరిని చూడ్డానికి వెళ్లాను. గాజువాక ఆటోనగర్‌లో గ్రైండింగ్ పని. అంతకు వారం ముందు ఇనుప రజను కంట్లో పడింది. ఆ రోజు కళ్లద్దాలు పెట్టుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లకుండా మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేసుకున్నాడు. ఎరుపు తగ్గింది, నల్లగుడ్డు మీద పుండు మాత్రం ముదిరింది. చివరికి కంటి డాక్టరు మందు మార్చి, రాత్రీ పగలూ గంటకోసారి చుక్క వేయమన్నారు.

నేను గుమ్మం దగ్గరే నిలబడి ప్రార్థన చేసి, వేరే కూడిక ఉందని బయల్దేరాను. అప్పుడు ఆ చెల్లెమ్మ అడిగింది: "అయ్యగారూ, గంటగంటకీ ఎందుకండీ? ఒకేసారి నాలుగు చుక్కలు వేసేస్తే చాలదా?" రెండు రాత్రులుగా ఫోన్‌లో అలారం పెట్టుకుని లేస్తోంది. నాకు జవాబు తెలియలేదు.

సోమవారం వాళ్లతో ఆస్పత్రికి వెళ్లి నేనే అడిగాను. డాక్టరుగారు ఓపికగా చెప్పారు. సీసా నుంచి పడే చుక్క సుమారు 40 మైక్రోలీటర్లు. కంటి మీద పట్టేది 30కి మించదు. మిగతాది చెంప మీదికి కారిపోతుంది. నిలిచినదాన్ని కూడా రెప్పపాటూ కన్నీరూ కొద్ది నిమిషాల్లో ముక్కులోకి కడిగేస్తాయి. అందుకే చుక్క వేసుకున్నాక ఒక్కోసారి గొంతులో చేదు తగులుతుంది. కంటి లోపలికి చేరేది 5 శాతం లోపే. నాలుగు చుక్కలు ఒకేసారి వేస్తే చెంపకే మందు!

అందుకే ఇప్పుడు శాస్త్రవేత్తలు మందును కంటి మీద నిలబెట్టే దారులు వెతుకుతున్నారు. కంట్లో పడగానే ఒంటి వేడికి జిగురుగా మారే మందులు తయారు చేస్తున్నారు. మందును కొంచెం కొంచెంగా వదిలే కాంటాక్ట్ లెన్సు ఒకదానికి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది అలర్జీ దురదకు. గాయాలకూ అలాంటివి రావాలని పరిశోధనలు జరుగుతున్నాయి. సున్నం, యాసిడ్ పడి కాలిన కళ్లకు మన హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు 2012లో ఒక పద్ధతి ప్రకటించారు. బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, దాన్ని ఇంకా చిన్న ముక్కలు చేసి, గాయపడిన కంటి మీద పరిచిన మాయ పొర మీద అంటిస్తారు. ఆ పొర ఆసరాతో కొత్త కణాలు పెరుగుతాయి.

తిరిగి వస్తుంటే యోహాను సువార్త 9వ అధ్యాయం గుర్తొచ్చింది. ప్రభువు పూసిన బురద, ఆ గ్రుడ్డివాడు సిలోయము కోనేటికి నడిచి వెళ్లి కడుక్కునేవరకు అతని కన్నుల మీదే ఉంది. మరి నేను? గుమ్మం దగ్గర రెండు నిమిషాలు నిలబడి వచ్చేశాను. నా పరామర్శ చెంప మీద కారిపోయిన చుక్క లాంటిదే. ఆ ఇంట్లో నిలిచినది ఆ చెల్లెమ్మే.

ఇంకొక రాత్రి కూడా గంటకోసారి వేయాలన్నారు. ఆ రాత్రి నేనూ, యూత్ తమ్ముడొకడూ వంతులు వేసుకున్నాం. ఆమె నిద్రపోయింది. పుండు ఇప్పుడు మానుతోంది. మచ్చ మిగలొచ్చన్నారు, ప్రార్థించండి.

ప్రియులారా, గ్రైండింగ్, వెల్డింగ్ పనికి కళ్లద్దాలు లేకుండా వెళ్లకండి. సున్నం పడితే వెంటనే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తండి. డాక్టరు చెప్పకుండా ఏ చుక్కా వేయకండి. రెండు మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కనున్న మూలను వేలితో కాసేపు నొక్కి ఉంచండి, మందు నిలుస్తుంది.

జబ్బుపడ్డవారి ఇంటికి వెళ్తే కాస్త కూర్చోండి. ఈ మాట ముందు నాకు నేను చెప్పుకుంటున్నాను.

ప్రభువా, నిలిచి ఉండే ప్రేమ మాకు నేర్పుము. ఆమేన్.